తంబాకు ముట్టకముందు

బోధన్

అత్తమ్మకు, ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం, రంది వెట్టుకోకు. ఫోన్ల చెప్దామంటే మామ పక్కనే కూసుంటుండు, గందుకే కార్డు రాస్తున్న. నీ బిడ్డ ఉమారాణితోని చదివించుకో.

నువ్వు ఆమె పురుడుకు పోయినప్పటి సంది వంట నామీద పడ్డది. నాకు బీడీలు చేసుడు తప్ప ఏమొస్తది? మొన్న పొద్దూకి బీడీల చాట పక్కకు వెట్టి, చేతులు ఉత్త నీళ్లతోని కడిగి జొన్నరొట్టెలు కొట్టిన. మామ ఒక్క ముక్క నోట్లె వెట్టుకొని, "బిడ్డా, రొట్టె తంబాకు వాసనొస్తుంది" అని లేచిండు. ఉత్త కడుపుల షుగర్ గోలి ఎట్లేసుకుంటడని నాకు ఒకటే గాబరా. చివరికి పాలన్నం తినిపిచ్చిన.

ఇప్పుడు పొద్దుగాల లేవంగనే చేతులకు చింతపండు రుద్ది, తంబాకు ముట్టకముందే రొట్టెలు కొడుతున్న. నిన్న పెనం మీద రొట్టె బుస్సున పొంగింది. మామ తిని ఇంకోటి అడిగిండు. నేను బీడీలు చుట్టే తునికాకు నానవెట్టుడు మరిచి పొయ్యికాడనే నిలవడ్డ.

పచ్చిపులుసుల నువ్వులు వేంచి ఏస్తవా, పచ్చియే నూరుతవా? మామకు ఉప్పు ఎంత తగ్గియ్యాలె? కారం డబ్బ ఎంత దేవులాడినా దొరుకుతలేదు, ఎక్కడ వెట్టినవ్? ఉమారాణిని సల్లగాలికి తిరగనియ్యకు. పసిదానికి నా ముద్దులు.

ఒక్క మాట అడుగుత, కోపానికి రాకు. నువ్వొచ్చినంక వంటిల్లు నీదే. గని పొద్దటి రొట్టెలు నాకే ఇడిసిపెట్టు. నువ్వు వద్దంటవేమోనని ఇప్పటి సందే భయమైతుంది.

నీ కోడలు
పుష్పలత