పేరు అడిగే పాఠం

సూపరింటెండెంట్ గారికి,

కొత్త నర్సులకు పని నేర్పే నా పాత పోస్టు మళ్లీ ఎందుకు కావాలో రాయమని మీరు పంపిన ఫారం అందింది. "ఈ పోస్టు వల్ల ఆగిన ప్రమాదాలెన్ని?" అన్న గడి దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. జరగనివాటిని ఎలా లెక్కపెట్టాలి సార్?

నేను నేర్పే మొదటి పాఠం చాలా చిన్నది. రోగిని "రుక్కమ్మవేనా?" అని అడగొద్దు, "నీ పేరేంది?" అని అడగాలి. కంగ్టి వైపు పల్లెల నుంచి వచ్చే ముసలివాళ్లు మనం ఏమడిగినా తలూపుతారు. కాదంటే కోప్పడతామని వాళ్ల భయం.

స్టాఫ్ తక్కువుందని జూన్‌లో మీరు నన్ను వార్డు డ్యూటీలో వేశారు. క్లాసులు ఆగిపోయాయి. కొత్త నర్సు నర్మద ఆ తర్వాతే చేరింది. పోయిన మంగళవారం రక్తం సంచి పట్టుకొని నీలాంబిక మంచం దగ్గరికి వెళ్లి, "రుక్కమ్మవేనా అవ్వా?" అంది. నీలాంబిక తలూపింది. అసలు రుక్కమ్మ పక్క మంచం మీద నిద్రపోతోంది.

వేరే గ్రూపు రక్తం ఎక్కి నీలాంబిక బతకలేదు. "నేను అడిగిన మేడమ్, అవ్వనే తలకాయ ఊపింది" అని నర్మద ఇప్పటికీ ఏడుస్తోంది. ఆ పిల్లను తీసేయకండి. ఆమెకు ఆ పాఠం ఎవరూ చెప్పలేదు.

నేను అప్పుడు నాలుగు మంచాల అవతల సెలైన్ పెడుతున్నాను. ఆమె అడిగింది నాకు వినిపించింది. తప్పుగా అడిగిందని కూడా తెలిసింది. చేతిలో పని అయ్యాక చెబుదామనుకున్నాను.

ఆ గడి ఖాళీగానే పంపుతున్నాను. పోస్టు మాత్రం తప్పకుండా ఉండాలి సార్. ఇంకెవరికైనా ఇవ్వండి.

ఇట్లు,
మీ వార్డు నర్సు
నారాయణఖేడ్