వేరే గీత మీద రాసిన నొప్పి

బావా,

నువ్వు పోయి నాలుగు నెలలు దాటింది. ఇక్కడ పరవాడ వైపు మూడు రోజులుగా ముసురు. పొద్దున్నే ఆకుమడిలో నారు పీకించి, మధ్యాహ్నానికి కింది మడిలో నాట్లు పూర్తి చేశాం. నడుము పట్టేసింది. వాన వదిలేలా లేదు, అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. అక్క బాగానే ఉంది. వన్ టౌన్ ఇల్లు వదిలి మా ఊరు రమ్మంటే రానంటోంది...

ముందు నా తప్పు చెప్పాలి. నీకు పెద్దపేగు క్యాన్సర్ అని తేలాక కీమోకు ప్రతిసారీ నీ వెంట వచ్చింది నేనే. పోర్టులో ముప్పై ఏళ్ళు క్రేన్ నడిపినవాడివి. షిఫ్టు దిగేముందు క్రేన్‌లో విన్న ప్రతి తేడానూ లాగ్‌బుక్కులో వేరువేరు గీతల మీద రాసేవాడివి. ఒంటికీ అలాగే ఒక నోటుబుక్కు పెట్టావు. వాంతి ఒక గీత, నోటిపూత ఒక గీత. నేను నవ్వితే అన్నావు, "గేరు సప్పుడు ఏరు, రోపు సప్పుడు ఏరు బావ. రెండూ కలిపి రాసేత్తే మెకానిక్కు ఏటి సూత్తాడు?"

మూడో కీమో తర్వాత ఇంటి మెట్లెక్కుతూ ఆగిపోయావు. గుండెల మీద బరువు, ఎడమ దవడ లాగుడు. కాసేపు కూర్చుంటే తగ్గింది. దాన్నీ వేరే గీత మీద రాశావు. నేనేమన్నాను? మందు వేడి అన్నాను. మజ్జిగ, సబ్జా నీళ్ళు పట్టించాను. మా ఇంట్లో ఎవరికి ఏ మందు పడకపోయినా చేసేది అదే. దగ్గర దగ్గర రెండు వారాలు... అన్నాళ్ళు నువ్వు నా మాట ఎందుకు విన్నావు?

మళ్ళీ కీమోకు వెళ్ళిన రోజు నువ్వే పుస్తకం తీసి డాక్టరమ్మ ముందు పెట్టావు. గుండె రక్తనాళం ఒకటి ముప్పాతిక పూడిందన్నారు. పూడిక పాతదే అయ్యుండొచ్చట. కీమో మందు కూడా కొందరిలో ఆ నాళాలను బిగదీస్తుందట. స్టెంటు వేశారు, కీమో ఆపారు. ఆపుతారని నీకు ముందే తెలుసు. అక్కడ అందరికీ ఆ భయమే, గుండె మాట ఎత్తితే మందు ఆపేస్తారని. ఎలా చెప్పగలిగావని అడిగితే నువ్వన్నది ఒక్కటే. "దాసేత్తే మందెక్కించడానికి మనిసే మిగలడు బావ."

నెలన్నరకు గుండెనొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి ఆసుపత్రి దాకా ఆగలేదు. నిన్ను తీసుకుపోయింది క్యాన్సర్ కాదు. మజ్జిగ సంగతి నువ్వు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అంత నిబ్బరం నాకు లేదు.

పోయిన సోమవారం నీ కాగితాల కోసం ఆ ఆసుపత్రికి వెళ్ళాను. పోలమ్మ గుర్తుందా? నీ పక్క కుర్చీలో కీమో ఎక్కించుకునేది, చేపలమ్మే మనిషి, రొమ్ము క్యాన్సర్. వరండా బెంచీ మీద ఒక్కతే ఉంది. చెమటలు. చెయ్యి గుండెల మీద. పక్కన మజ్జిగ సీసా.

అడిగితే మందు వేడి అంది. ఇంకా అడిగాను. నాలుగు రోజులుగా బిందె ఎత్తితే గుండెల మీద బరువుగా ఉంటోందట. నర్సుకు చెబుతానంటే నా చెయ్యి పట్టుకుని వద్దంది. ఇంకొక్క కీమోయే మిగిలిందట. ఆపితే ఆ జబ్బు తిరగబడితే...?

దాచేస్తే మనిషే మిగలడన్న నీ మాట చెప్పాను. తర్వాత మజ్జిగ సంగతి కూడా చెప్పాను, దాచకుండా. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. చెయ్యి వదిలేసి తానే పిలిచింది నర్సును.

వెంటనే ఈసీజీ తీశారు, సాయంత్రానికి స్టెంటు వేశారు. మిగిలిన కీమో ఎప్పుడన్నది క్యాన్సర్ డాక్టరూ గుండె డాక్టరూ కూర్చుని తేలుస్తారట. ఏమవుతుందో ఎవరు చెప్పగలరు?

నువ్వున్నప్పుడు నిన్ను మెచ్చుకుంటూ ఒక్క మాట అనలేదు నేను. ఇది అదే అనుకో. ఆదివారం వన్ టౌన్ వెళ్ళి, రెండు వారాలు నీకేం పట్టించానో అక్కకు చెప్పేస్తాను.

పోలమ్మను నిన్న డిశ్చార్జి చేశారు. పదకొండింటికి కొడుకుతో ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళింది.