మా షెడ్డు మారిన నెల

మార్చి 3
పెద్ద నగరానికి వచ్చి వారం. అవే రెండు లేతు మిషన్లు, అదే నేను, అదే బావ, మా అక్క మొగుడు. ఊళ్లో రోజుకి ఇరవై రెండు పంపు షాఫ్టులు తీసేవాళ్లం. ఇవాళ ముప్పై ఎనిమిది. ఎందుకో రాసుకోవాలి.

మార్చి 4
ఊళ్లో బేరింగు పోతే మిషన్ మూడు రోజులు ఆగేది. ఇక్కడ బేరింగుల షాపు వీధి చివరే. టూల్స్ సానపట్టడం ఒకాయన పని, ఇనుముని కాల్చి గట్టిపరిచే హార్డెనింగ్ ఇంకొకాయన పని. మాకు మిగిలింది లేతు మీద ఇనుముని తిప్పి షాఫ్టులుగా కోయడమే. టీ దగ్గర నిలబడితే ఏ ఇనుముకి ఎంత స్పీడు పెట్టాలో పక్క షెడ్డువాళ్లు అడక్కుండానే చెబుతారు.

మార్చి 9
ఇవాళ ముప్పై ఒకటే. సాన మనిషికి ఇవ్వకుండా బావ టూల్స్ తానే సానపట్టుకుంటూ సగం పూట కూర్చున్నాడు. ఊళ్లో పదహారేళ్లు అన్నీ ఆయనే చేశాడు. నాకు పని నేర్పిందీ ఆయనే. ఇక్కడ ఆ పనులన్నీ వీధిలో దొరుకుతాయి. తిప్పడంలో ఆయన నెమ్మది.


మార్చి 15
పక్క వీధి ఆపరేటర్ ఒకాయన వస్తానన్నాడు. బావకి రెట్టింపు తీస్తాడు. ఇక బావని ఊరికి పంపేయాలి. ముందుగా అక్కకి చెబుదామని ఫోన్ చేశాను. ఎండల సంగతి మాట్లాడి పెట్టేశాను.

మార్చి 18
ఎదురు షెడ్డులో లేతు బెడ్, అంటే టూల్ జరిగే కింది ఇనుప పీఠం, అరిగి షాఫ్టులు ఒక చివర లావు వస్తున్నాయి. బావ వెళ్లి బెడ్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. నీలం రంగు పూసి, ఎత్తున్న చోటల్లా చేతి ఉలితో గీకి సమం చేయడం ఆయనకి వచ్చు. ఊళ్లో ఏడాదికోసారి మా మిషన్లకే చేసేవాడు. అదొక పనని నాకెప్పుడూ తోచలేదు.

మార్చి 22
బావ బెడ్ గీకాక, ఎదురు షెడ్డు షాఫ్టు రెండు చివరలా ఒకే కొలత. మధ్యాహ్నానికి నలుగురు ఓనర్లు బావ కోసం మా గుమ్మంలో. ఇలాంటి పనివాణ్ణి ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ అని ఒకాయన నన్నడిగాడు. 

మార్చి 23
నేను చెప్పేలోపు బావే మొదలుపెట్టాడు. ఈ వీధిలోనే అరిగిన బెడ్లు పదకొండు చూశాడట. ఇక ఆ పనొక్కటే, విడిగా చేసుకుంటాడట.
“మీ అక్కకి ఫోన్ చేసి ఎండల గురించి అడిగావటగా. ఊరికే ఫోన్ చేసే రకం కాదు మావాడు అంది. అప్పుడే అర్థమైందిరా.”
నవ్వుతూనే అన్నాడు. నేను తల వంచుకుని మిషన్ తుడిచాను.

ఏప్రిల్ 2
కొత్త ఆపరేటర్. యాభై ఒక్క షాఫ్టులు. ఇన్ని ఎన్నడూ తీయలేదు. టీకి నేనొక్కణ్నే వెళ్లాను.

ఏప్రిల్ 19
మా పెద్ద లేతు బెడ్ అరిగింది. బావ దగ్గరికి వెళ్లాను. వరసలో నా ముందు పదమూడు మంది. నోట్‌బుక్ తీసి, “మీ బెడ్ ఎన్ని అడుగులండీ?” అన్నాడు.
ఆయన పదహారేళ్లు నిలబడ్డ మిషన్ అది.
ఆరున్నర అని చెప్పాను.