నీడలేనోడు ఏమయ్యాడంటే

విజయక్కా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి ఏడు నెలల పది రోజులైంది. ఇన్నాళ్ళూ రాయలేదంటే మర్చిపోయి కాదు, నీ మీద కోపం వచ్చి. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు గానీ, నువ్వు చేసిన పని అలాంటిది. చెప్తాను, ఆగు...

ఇక్కడ బహ్రెయిన్‌లో, జుఫైర్‌లో మన హోటల్ అలాగే ఉంది. సూపర్‌వైజరమ్మ ఇప్పటికీ తలుపు దగ్గర నిలబడి యల్లా యల్లా అని తొందరపెడుతూనే ఉంది. నీ బదులు నా ట్రాలీకి ఒక శ్రీలంక ఆవిడను ఇచ్చారు. మంచిదే పాపం. కానీ దుప్పటి రెండో చివర పట్టుకుని నిలబడి ఒక్క ముక్క మాట్లాడదు. పక్క సర్దడం ఇంత చిన్న పనా అని నాకిప్పుడే తెలిసింది. నీతో చేస్తే నీ కథల్లో ఒక్కో మంచానికి ఒక్కో హత్య అయ్యేది కదా.

గదులు ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు ఏవేవో మర్చిపోయేవాళ్ళు. మూడు నెలలు బీరువాలో ఉంచి, ఎవరూ అడగకపోతే సంతకం పెట్టి మనమే తీసుకోవచ్చు. అందరూ సెంటు సీసాలు, చార్జర్లు, ఒకటి రెండు సార్లే తొడిగిన చెప్పులు తీసుకుంటే, నువ్వు మాత్రం ఎవరి పిల్లలో వదిలేసిన దెయ్యాల నవలలు తీసుకునేదానివి. అట్టల మీద పుర్రెలు, కాకులు, నల్ల కన్నీళ్ళు కార్చే ఆడపిల్లలు... పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు చదువుకునే పుస్తకాలు. నలభై నాలుగేళ్ళ దానివి, చత్వారం కళ్ళద్దాలు పెట్టుకుని చదివేదానివి. ఇవేం రుచే నీకు అని అడిగితే ఏమన్నావో గుర్తుందా?

“పొద్దున్నించీ తెల్ల దుప్పట్లు, తెల్ల తువ్వాళ్ళు, తెల్ల గోడలు... నాక్కూడా కాస్త చీకటి కావాలే సత్యా.”

నువ్వు కాన్వెంట్లో చదివావు. నేను పదో తరగతి, అదీ తెలుగులో. అందుకని నువ్వు చదివి, నాకు రాజోలు భాషలో చెప్పేదానివి. ఇంగ్లీషు పేర్లు నోరు తిరగవని హీరోయిన్‌కి రోజా అని పేరు పెట్టావు. ఎప్పుడూ వాన కురిసే దేశంలో, కొండ మీద కోట. ఆ కోటలో బడి. రోజాకి చచ్చిపోయినవాళ్ళ మాటలు వినిపిస్తాయి. పడమటి బురుజులో ఒక రాకుమారుడు. శాపం తగిలి నీడ పోయింది, దాంతో చావూ పోయింది. వాడికి మాత్రం పేరే పెట్టలేదు నువ్వు. నీడలేనోడు, అంతే.

మూడొందల ఏళ్ళవాడికి పదిహేడేళ్ళ పిల్లతో పనేంటక్కా, పోలీసులకి చెప్పాల్సిన సంగతి కదా అని నేను గొడవపడ్డాను. వాడు పదిహేడు దగ్గరే ఆగిపోయాడన్నావు. ఆగిపోవడం ఏంటి, మూడొందల ఏళ్ళుగా అదే బడిలో ఉన్నాడంటే ఎన్నిసార్లు తప్పాడో అన్నాను. అప్పుడు నువ్వు గలీబు తొడుగుతున్న దిండుని గుండెకి ఆనించుకుని, “నవ్వకే, మనం మాత్రం ఎక్కడో ఒకచోట ఆగిపోలేదా? నేను ఇరవై రెండు దగ్గర ఆగిపోయాను” అన్నావు. నేను దుప్పటి రెండో చివర లాగి పరుపు కింద దోపాను.

ఆ బీరువా ఘట్టం గుర్తుందా... లోపల్నించి తెల్ల చెయ్యి బయటికి వస్తోందని నువ్వు చెప్తుండగా, సరిగ్గా అప్పుడే గదిలో దిగినాయన స్నానాల గది తలుపు తీసుకుని తెల్ల తువ్వాలు కోటుతో బయటికొచ్చాడు. నేను అరిచిన అరుపుకి ఆయన మళ్ళీ లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు. క్షమాపణ ఉత్తరం నువ్వే రాసిచ్చావు. చాలా బాగుందని సూపర్‌వైజరమ్మ దాన్ని దాచుకుంది కూడా.

సరే, అసలు సంగతికి వస్తాను. నీ శరీరం ఇంటికి వెళ్ళిన తర్వాత నీ పెట్టె సర్దింది నేనే. చీరలు, మందులు, మీ ఆయనకని కొన్న టార్చిలైటు... అన్నిటికంటే అడుగున నీ గళ్ళ చీరలో చుట్టి ఒక పుస్తకం. అట్ట చూడగానే గుర్తుపట్టాను. నీడలేనోడి మూడో భాగం.

ఎన్నాళ్ళ నుంచి అడిగాను నిన్ను? “ఏ గదిలోనూ దొరకలేదే, ఎవరైనా వదిలితే కదా” అని ఎన్నిసార్లన్నావు? రెండో భాగం చివర్న రోజాని పడవెక్కించి, నడి సముద్రంలో తుఫాను తెప్పించి, నన్ను ఆ పడవలోనే వదిలేసి... పుస్తకం నీ మంచం కిందే పెట్టుకుని నాతో అబద్ధం ఆడావా? నేను ఏడుస్తున్నదాన్ని కాస్తా ఏడుపు ఆపి నిన్ను తిట్టాను. ఆ పుస్తకం నా దగ్గర ఉంచుకుని, మిగిలిన పదకొండు పుస్తకాలు పెట్టెలో పెట్టి కార్గోకి వేశాను. నీ మీద కోపం అంటే అదే. ఇప్పుడు నా తప్పు కూడా విను.

అట్టలేసి పంపాల్సింది. బడి పుస్తకాలకి వేసినట్టు, ఖాకీ కాగితంతో. ఆ బుద్ధి నాకు లేకపోయింది. మీ ఇంట్లో పెట్టె తెరిస్తే ఒక పుర్రె, దాని మీద పువ్వులు, నెత్తుటి చెయ్యి... ఎవరికైనా ఏం తోస్తుంది?

మీ ఆయన ఫోన్ చేశాడు. మీ అత్తగారు పుస్తకాలన్నీ పెరట్లో వేసి, చుట్టూ వేపమండలు పెట్టి, నిమ్మకాయ కోసి, పక్కన కిరసనాయిలు సీసా కూడా ఉంచారట. కోడలు దుబాయిలో చేతబడి నేర్చుకుందనీ, అది తిరగబడే పోయిందనీ ఆవిడ నమ్మకం. బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి దుబాయే.

నువ్వు గుండె ఆగి పోయావని డాక్టరు రాశాడు కదా అక్కా. నిన్ను చేతబడి చేసేదని ఊళ్ళో అనుకుంటుంటే నేనెలా ఊరుకోను? ఫోన్ ఆవిడకి ఇప్పించుకుని, అవి ఉత్త కథలండీ అత్తయ్యగారూ, పిల్లలు చదువుకునేవి అన్నాను. ఆవిడ ఒక్కటే అన్నారు.

“కతలైతే చెప్పు మరి. ఇంటాను. కత కాదని తేలిందో, అగ్గిపుల్ల గీసేత్తాను.”

అలా మొదలైంది. ప్రతి మంగళవారం నా ఆఫ్. మన గదిలో అన్నం తిని, గిన్నెలు కడిగి ఫోన్ చేస్తాను. అక్కడ సాయంత్రం టీ వేళ. మంగళవారం పూట దెయ్యాల మాటలేంటని మొదటి వారం ఆవిడ సణిగారు. రెండో వారం నేను పది నిమిషాలు ఆలస్యం చేస్తే ఆవిడే మిస్డ్ కాల్ ఇచ్చారు. కిరసనాయిలు సీసా మాత్రం కదల్లేదని మీ ఆయన చెప్తూనే ఉన్నాడు.

నువ్వు చెప్పింది చెప్పినట్టే చెప్పాను. రోజా అంటే ఆవిడకి పెద్దగా గిట్టలేదు. “ఆ పిల్లకి పనీ పాటా లేదా? ఎప్పుడు చూసినా కిటికీ దగ్గరే” అన్నారు. నీడలేనోడి మీద జాలి పడ్డారు గానీ, తిండి మానేశాడంటే ఒప్పుకోలేదు. ఆవిడకి నచ్చింది ఎవరో తెలుసా? కోట వంటింట్లో ఉండే మంత్రగత్తె. ఊరగాయ జాడీల బీరువా తాళంచెవి మొలకి కట్టుకుని, వేయించిన అప్పడాలు లెక్కపెట్టుకుని, ఎవరు ఏం తిన్నారో వాసన చూసి చెప్పేసే ముసలిది. రోజాకి జ్వరం వస్తే మూడు రోజులు పక్కనే కూర్చుని, తిడుతూనే మిరియాల చారు పోసి బతికించిన ముసలిది.

“మొత్తం కోటలో బుర్ర ఉన్నది దానికొక్కదానికే” అనేవారు.

రెండు భాగాలు అయిపోయాయి. ఇక పడవ, తుఫాను. మూడో భాగం నేనే చదవాలి. చదవకపోతే అగ్గిపుల్ల. ఏం చెయ్యను? ఫోన్ కెమెరా పేజీ మీద పెడితే తెలుగు చేసి చూపిస్తుంది కదా, అలా మొదలుపెట్టాను. ఆ ఫోన్ తెలుగు గురించి నీకు చెప్పి తీరాలి. నీడలేనోడు వెన్నెల్లో రోజా చెయ్యి పట్టుకుని, “గౌరవనీయురాలా, నీ ఎముకల పట్ల నేను సంతృప్తిగా ఉన్నాను” అన్నాడు. నేను మంచం మీద పడి నవ్వి, నవ్వి, నీకు చెబుదామని పక్క మంచం వైపు తిరిగాను. తిరిగాక గుర్తొచ్చింది.

తర్వాత తర్వాత ఫోన్ లేకుండానే కొన్ని పేజీలు అర్థమయ్యాయి. రక్తం, చీకటి, సమాధి, ముద్దు... ఈ నాలుగు మాటలూ వస్తే సగం పుస్తకం వచ్చినట్టే అక్కా. చదువుతుంటే నాకూ ఇష్టమైపోయింది. పొద్దున్న ట్రాలీ తోస్తున్నా, నీలాగే నాకూ లోపల ఎక్కడో వాన కురుస్తూ ఉండేది.

కానీ ముసలిది ఎక్కడా లేదు. పుస్తకమంతా వెతికాను. వంటింట్లో లేదు, పడవలో లేదు. ఈ భాగంలో చంపేశారేమో అనుకుని, మన సూపర్‌వైజరమ్మని అడిగాను. వాళ్ళమ్మాయి అవే చదువుతుందిలే. ఆ పిల్లని కనుక్కుని, ఏ భాగంలోనూ అలాంటి ముసలిది లేదంది... అప్పుడు తెలిసింది నాకు. నువ్వు చెప్పే ఇంటి కబుర్లలో అప్పడాలు లెక్కపెట్టేది ఎవరో, తాళంచెవి ఎవరి మొలకి ఉంటుందో. ఎంత ధైర్యమే నీకు? అంత పెద్ద కోటలో తీసుకెళ్ళి మీ అత్తగారిని మంత్రగత్తెగా పెట్టావా? నేనేమో వారం వారం ఆవిడకే ఫోన్ చేసి ఆవిడ కథ చెప్తున్నానా?

ఆపేద్దామంటే ఆవిడ ఊరుకోరు. “ముసలిదేదీ?” అని మొదటి మాట అదే. నేను కూడా అబద్ధాలు మొదలుపెట్టాను. ముసలిదాన్ని పడవెక్కించాను. తుఫానులో జాడీలు దొర్లిపోకుండా పట్టుకుని కూర్చోబెట్టాను. నిజంగా నీ దగ్గరే నేర్చుకున్నానక్కా.

చివర ఇరవై పేజీలు మిగిలాయనగా పుస్తకంలో అట్టముక్క కనబడింది. మనం తలుపు గొళ్ళేనికి తగిలించే అట్ట, లోపలికి రావద్దని చెప్పేది. అక్కడిదాకా ప్రతి పేజీ మూలా నువ్వు పెట్టిన పెన్సిల్ టిక్కు ఉంది. ఆ తర్వాత ఒక్కటీ లేదు. అంటే నువ్వూ చదవలేదు. దాచావనుకున్నాను గానీ, ఆపావు. ఎప్పుడో లినెన్ గదిలో తువ్వాళ్ళు మడత పెడుతూ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. “ఇది కూడా అయిపోతే మనిద్దరం ఏం మాట్లాడుకుంటామే?”

నేనప్పుడు నవ్వాను. ఎందుకు నవ్వానో...

ఆ అట్ట చూశాకే కోపం పోయింది. పోయిన మంగళవారం ఆ ఇరవై పేజీలు చదివాను. నీకు చెప్పడానికే ఈ ఉత్తరం. విను.

తుఫాను ఆగుతుంది. శాపం పోవాలంటే బతికున్న మనిషి ఎవరైనా తన నీడలో సగం ఇవ్వాలట. రోజా ఇస్తుంది. తెల్లారి మూడొందల ఏళ్ళకి మొదటిసారి ఎండ వస్తుంది. ఇద్దరికీ సగం సగం నీడ. పక్కపక్కన నిలబడితేనే నిండు నీడ అవుతుంది. వాడిక ముసలివాడవుతాడు, ఏదో ఒక రోజు చనిపోతాడు. అయినా ఫర్వాలేదంటుంది రోజా, చచ్చిపోయినవాళ్ళ మాటలు తనకి వినిపిస్తాయి కదా. అంతే అక్కా. అక్కడితో అయిపోయింది.

ఇదంతా మీ అత్తగారికి చెప్పాను. “మరి ముసలిదో?” అన్నారు. దానికి నేనేం సిద్ధం చేసుకోలేదు. నోటికొచ్చింది చెప్పాను. వంటింటి గుమ్మంలో నిలబడి, ఎంతసేపు ఆ ఎండలో, అన్నం చల్లారిపోతోంది రండర్రా అని ఇద్దర్నీ కేకలేస్తోందండీ అన్నాను.

అవతల ఏదో చిన్న చప్పుడైంది. అగ్గిపుల్ల గీశారేమో అనుకున్నాను.

“మా విజయకి టైపాయిడొచ్చినప్పుడు మిరియాల చారు పోసింది నేనే” అన్నారు. “మూడ్రోజులు కాదు, పదకొండు రోజులు. ఆ సంగతి తగ్గించి చెప్పింది.”

ఎప్పట్నించి తెలుసండీ అని అడిగాను. “అప్పడాల కాడే తెలిసింది. ఇంకేం తిట్టిందో చూద్దామని ఊరుకున్నాను” అన్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో ఫోన్లో తెలియలేదు. ముక్కు చీదుకుని, మళ్ళీ మామూలు గొంతుతో అన్నారు.

“వచ్చే మంగళారం మళ్ళీ మొదట్నించి చెప్పు. ముసల్దాన్ని మాత్రం తీసేత్తే ఊరుకోను.”

చూశావా... ఏం మాట్లాడుకుంటామే అని ఆ ఇరవై పేజీలు వదిలేసి వెళ్ళిపోయావు. ఇంత చిన్న ఉపాయం మనకెందుకు తట్టలేదు విజయక్కా?

కిరసనాయిలు సీసా అటకెక్కిందట. నీ పదకొండు పుస్తకాలూ ఊరగాయ జాడీల బీరువాలో ఉన్నాయని మీ ఆయన చెప్పాడు. తాళంచెవి ఎక్కడుందో నీకు వేరే చెప్పక్కర్లేదు.

సెలవుకి ఊరెళ్ళినప్పుడు మూడో భాగం కూడా తీసుకెళ్ళి ఆవిడ చేతికే ఇస్తాను. ఈసారి ఖాకీ అట్ట వేసే తీసుకెళ్తాను. ఈ మంగళవారం మొదట్నించి మొదలుపెడతాను. పదకొండు రోజులనే చెప్తాను.

దుప్పటి ఈ చివర,
నీ సత్యవతి