నీళ్ల వాటా

మావయ్యా,

మీరు కన్నుమూసిన ఏడాదికే మన బందరు లైబ్రరీని కూల్చేశారు. ఉప్పెన ఎరిగినవాళ్లు కట్టిన ఆ గానుగసున్నం గోడలు, టేకు దూలాలు, వానలు వెళ్లాక మీరు పుస్తకాలు ఎండబెట్టే నడుమెత్తు అరుగు, అన్నీ పోయాయి. పుస్తకాలను రోడ్డుకంటే పల్లంగా ఉన్న షెడ్డులోకి మార్చారు.

లైబ్రేరియన్‌గా ఉన్నన్నాళ్లూ మీరు ప్రతి బీరువాలోనూ కింది అర ఖాళీగా ఉంచేవారు. "అది నీళ్ల వాటా, అమ్మాయ్" అనేవారు. కొత్తాయనకి ఆ మాటే చెప్పాను. "చోటు వేస్టు కదండీ" అని, దాన్నే ముందు నింపారు.

మొన్నటి వానకి షెడ్డులో మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. కింది అర పుస్తకాలు ఉబ్బి బిగుసుకుపోయాయి. లాగితే అట్టలే చేతికొస్తున్నాయి.

ఇవాళ ఎండ బాగా కాసింది మావయ్యా. ఆరబెట్టడానికి అరుగు లేదు.