బావమరిది రాసిన చీటీ

పైకి అమాయకంగా కనిపించే మా అక్కకు,

ఫోన్లో మాట్లాడితే ఇంట్లో గోడలకి చెవులుంటాయని ఉత్తరం రాస్తున్నాను. నా నడుం నొప్పి సంగతి నీదాకా ఎవరు మోశారో తెలియదనుకున్నావా? నా బావమరిదే. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మా సెలూన్లో ఉన్నవి రెండు కుర్చీలు. తలుపు దగ్గరది నాది, పాతికేళ్ళుగా వచ్చేవాళ్ళంతా అందులోనే కూర్చుంటారు. లోపలిది వాడిది. రెండు నెలలుగా వాడి కత్తెర కస్టమరు తల మీద, చూపు అద్దంలోంచి నా మీద. "బావా, ఒక్కసారి డాక్టరుకి చూపించుకో" అని రోజుకి మూడుసార్లు సన్నాయి నొక్కులు. నేను మంచమెక్కితే నా కుర్చీ ఎవరెక్కుతారో నాకు తెలియదా?

నీ మరదలూ వాడి వైపే. తోడబుట్టినవాడాయె. ఇద్దరూ వంటగదిలో గుసగుసలాడుతుంటారు, నేను వెళ్తే గప్‌చుప్. నిన్న వాడి సొరుగులో చీటీ దొరికింది. "మంగళవారం: ఎడమ చెప్పు ఊడిపోయింది, బావ చూసుకోలేదు. గురువారం: మళ్ళీ ఊడింది. శుక్రవారం: మెట్టు తట్టుకుని తూలాడు." నా నేరాల చిట్టా రాస్తున్నాడన్నమాట. చూసి మళ్ళీ అక్కడే పెట్టేశాను.

అసలు నొప్పి తగ్గిపోయింది అక్కా. మొదట్లో నడుం నుంచి పిక్కదాకా నిప్పు పెట్టినట్టుండేది. నాలుగు రోజులుగా హాయి. కాలు కాస్త మొద్దుబారింది, రోజంతా నిలబడేవాడికి ఆ మాత్రం ఉండదా? ఒంటికి వెళ్తే చాలాసేపు పడుతోంది. వయసు మరి. ఇది నీకొక్కదానికే చెప్పాను. కడుపులో పెట్టుకో.

నీ తమ్ముడు,
మొండి

మాట కడుపులో దాచలేని మా అక్కకు,

ఉత్తరం అందిన గంటకే వాడికి ఫోన్ చేశావట. సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి, నన్ను లాక్కెళ్ళి టాక్సీలో కూర్చోబెట్టాడు. దారంతా తిట్టాను. "కుర్చీ కోసమే కదరా ఇదంతా" అన్నాను.

"తిట్టు బావా, పాదం కదుపుతూ తిట్టు" అన్నాడు. పాదం కదల్లేదు.

వాడిచ్చిన చీటీని డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. "మామూలు నడుం నొప్పయితే కొన్ని వారాలు ఆగి చూడొచ్చు, చాలామందికి అదే తగ్గుతుంది. స్పర్శ పోయినా, పాదం పట్టు తప్పినా, ఒంటికి వెళ్ళడం కష్టమైనా ఒక్క రోజు కూడా ఆగకూడదు. మీకు నొప్పి తగ్గింది నరం బాగుపడి కాదు, నలిగిపోయి" అంది. అప్పటికీ నాకు నమ్మకం కుదరలేదు. వీళ్ళిద్దరికీ ముందే మాటలయ్యాయేమో అనుకున్నాను.

కళ్ళు మూసుకోమంది. పాదం మీద సూదితో తాకుతాను, తెలియగానే చెప్పమంది. తెలియదంటే కోతకి పంపుతారని నా భయం. కాసేపాగి "తెలిసింది" అన్నాను. మళ్ళీ "తెలిసింది" అన్నాను.

"నేనింకా తాకలేదండీ" అంది.

కళ్ళు తెరిస్తే బావమరిది గోడవైపు తిరిగి ముఖం తుడుచుకుంటున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాననుకో. వాడిమీద నేను మోపిన దొంగబుద్ధంతా నాలోనే ఉంది.

ఈ పూటే ఆపరేషను. పాదం తిరిగొస్తుందో లేదో చెప్పలేమన్నారు. భయంగా ఉంది అక్కా. సంతకానికి కాగితం తెచ్చారు. కళ్ళజోడు ఇంట్లోనే ఉండిపోయింది, ఈ ఉత్తరమూ అందాజుగానే గీకుతున్నాను. వాడు చదివి వినిపించబోయాడు.

"చదవక్కర్లేదురా, ఎక్కడ పెట్టాలో చూపించు" అన్నాను.

నీ తమ్ముడు