పెద్ద సెట్, చిన్న గది

జూన్ 2, ఆదివారం

బాబాయి నన్ను వాయించమన్నాడు. నా చెవుల మీద నమ్మకం లేక మళ్లీ చెప్పించుకున్నాను.

బాబాయి అంటే పిన్ని భర్త. పాటగాడు. గొంతు ఆపరేషన్ అయ్యాక ఎనిమిది నెలలుగా పాడలేదు. ఇప్పుడు మాట వస్తోంది కానీ వేరే మనిషి మాటలా, బాగా కిందినుంచి వస్తోంది. పదిహేనో తారీఖు సాయంత్రం పుస్తకాల షాపు మేడమీద హాల్లో గంటసేపు పాడాలి. అది కుదరకపోతే ఇంక మైకు ముట్టనని తేల్చి చెప్పేశాడు. జోక్ వేసేటప్పుడు బాబాయి కళ్లు చిన్నవవుతాయి. ఈ మాటకి అవ్వలేదు.

ముప్ఫై ఏళ్లుగా ఆయన వెనక డ్రమ్స్ వాయించింది పిన్నే. నాకు నేర్పేదీ తనే. కాలేజీకి దగ్గరని నేనుండేదీ వాళ్లింట్లోనే. పిన్ని ఉండగా నేనెందుకని అడిగాను. మీ పిన్ని నా మీద జాలిపడుతూ వాయిస్తుందే, నీకింకా జాలిపడేంత వాయించడం రాదుగా, అన్నాడు. పిన్ని నవ్వలేదు. సరే, ఏ సెట్ తీసుకెళ్లాలో వాయించేవాళ్లే తేల్చుకోవాలి, నన్ను ఒక్క ముక్క అడగొద్దు, అని కూరగాయలు తరుక్కోవడానికి వెళ్లిపోయింది.

నిద్ర పడుతుందా అసలు?

జూన్ 3, సోమవారం

టేపు పట్టుకెళ్లి హాలు కొలిచాను. పొడవు ముప్ఫై అడుగులు, వెడల్పు ఇరవై. కుర్చీ ఎక్కితే సీలింగ్ అందుతుంది. మూడు వైపులా పుస్తకాలు. యాభై సీట్లు. నలభై రెండు మెట్లు, లిఫ్ట్ లేదు. షాపు ఓనరు కాసేపు చూసి, ఏమ్మా కొనేస్తావా ఏంటి, అన్నాడు.

పిన్నికి రెండు సెట్లున్నాయి. చిన్నదాంట్లో కాలితో వాయించే పద్దెనిమిది అంగుళాల బేస్ డ్రమ్, స్నేర్, టామ్ అని రెండు చిన్న డ్రమ్ములు, రెండు ఇత్తడి సింబల్స్. అంతా ఒక్క కారులో సర్దేయొచ్చు. పెద్దది మైదానాల్లో వాయించే సెట్. ఇరవై నాలుగు అంగుళాల బేస్, మూడు టామ్స్, నేలమీద కాళ్లతో నిలబడే బానంత ఫ్లోర్ టామ్, నాలుగు సింబల్స్. వెనకగదిలో దుప్పట్లు కప్పుకుని ఏనుగులా పడుకుని ఉంటుంది.

చిన్న గది, కొద్దిమంది జనం, కోలుకుంటున్న గొంతు. కాబట్టి చిన్న సెట్. మా డిగ్రీ సిలబస్ మొత్తంలో ఇంత తేలిక లెక్క ఒక్కటి లేదు.

పిన్నికి చెప్పాను. ఊఁ అంది. ఆ ఊఁలో ఏమైనా ఉందేమోనని చాలాసేపు వెతికాను.

జూన్ 4, మంగళవారం

ఎకనామిక్స్ క్లాసులో "మంద్రం" అనే మాట పదిసార్లు నాలో నేను అనుకున్నాను. పలికితే గొంతు ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఎవరు కనిపెట్టారో గానీ వాళ్లకి దండం పెట్టాలి.

జూన్ 6, గురువారం

ఇంట్లో రిహార్సల్. గిటార్ వాయించేది మా వీధి టైలర్. మెడలో టేపు తియ్యకుండానే వచ్చాడు. నేను చిన్న సెట్ బిగించే లోపల రెండు టీలు తాగి, గిటార్ వాళ్ల జన్మే జన్మ అన్నాడు.

పాట బాబాయి సొంతం. ప్రతి లైను చివరా మంచి మాట ఒకటి ఉంటుంది. తీరం. ఓరగా పడే నీడ. తడిసిన గడప. వాటి కోసమే నాకా పాట ఇష్టం. ఇవాళ ఆ మాటలే వినపడలేదు. లైను మొత్తం వస్తోంది, చివరికి వచ్చేసరికి మాట మాయం. మెల్లగా వాయించాను. ఇంకా మెల్లగా. పెడల్ మీద కాలు ఉందా లేదా అన్నంత మెల్లగా. అయినా మాయం.

టైలర్ మైకు పెంచుదామన్నాడు. పెంచారు. మాట బదులు మైకు కూత వచ్చింది. గొంతులో ఇంకా బలం రాలేదేమో గురూ, అన్నాడు. పాపం, ప్రేమగానే అన్నాడు.

బాబాయి మైకు తుడిచాడు. వైరు చుట్టాడు. సోమవారం షాపు ఓనరుకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తానన్నాడు.

పిన్ని గుమ్మంలో నిలబడి అంతా వింది. పెదాలు కదిలాయి. వంటింట్లోకి వెళ్లిపోయింది.

జూన్ 7, శుక్రవారం

తప్పు గొంతుది కాదేమో.

జూన్ 8, శనివారం, మధ్యాహ్నం

దొరికింది. తొందరలో అక్షరాలు వంకరగా వస్తున్నాయి, పోనీ.

బాబాయి ఇంటి ముందుగదిలో ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను ఊరికే చిన్న బేస్ డ్రమ్ కొడుతున్నాను. ఆయన హలో అంటే నా కాలు హలో అన్నట్టుంది! డ్రమ్ కొట్టి, ఆ స్వరం ఎత్తు పట్టుకుని కూనిరాగం తీశాను. అది బాబాయి మాట్లాడే ఎత్తే. పాత గొంతు దీనికి చాలా పైన ఉండేది కాబట్టి ఇన్నేళ్లూ గొడవ లేదు. కొత్త గొంతు దిగి దిగి సరిగ్గా ఈ డ్రమ్ ఉన్నచోటికి వచ్చింది. ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చోబోతున్నారు. లైను చివర నేను కొడతాను, మాట లేచిపోతుంది.

స్కిన్, అదే డ్రమ్ మీది తోలు, వదులు చేసి చూశాను. అట్టపెట్టెని తన్నినట్టు దబ్ దబ్.

ఆయన కంటే కింద ఉండేది ఈ ఇంట్లో ఒక్కటే ఉంది. వెనకగదికి వెళ్లి దుప్పటి లాగాను.

పెద్ద డ్రమ్ములన్నిటికీ కొత్త స్కిన్స్. తళతళలాడుతున్నాయి. శ్రుతి చేసి ఉన్నాయి.

పిన్ని వెనకే వచ్చి నిలబడింది. ఎప్పుడు మార్చావు పిన్నీ అంటే, ఆయన ఆస్పత్రి నుంచి వచ్చి మంచినీళ్లడిగిన రోజే అంది. ఆ ఒక్క మాట విని కిందికి ఎంత దిగాడో చూసుకుందట. మరి చెప్పొచ్చుగా అన్నాను. జాలిపడొద్దని మాట తీసుకున్నాడే మహానుభావుడు, అంది. ఎనిమిది నెలల నుంచి నోరు కుట్టుకుని కూర్చున్నానని, కుట్లు టైలర్ కూడా విప్పలేడని అంది. అప్పుడు నవ్వింది.

ముప్ఫై ఏళ్లు ఒక మనిషి వెనక కూర్చుంటే ఇలా వినొచ్చా!

జూన్ 9, ఆదివారం

బాబాయిని ఒక్క పాటకి బతిమాలాను. పెద్ద డ్రమ్ ఆయన పాదాల కింద ఎక్కడో పలికింది. తీరం వినపడింది. నీడ వినపడింది. గడప దగ్గర బాబాయి ఆగి నావైపు తిరిగాడు. ఫోన్ సంగతి ఎత్తలేదు.

కానీ నేను గట్టిగా వాయిస్తున్నాను. అంత పెద్దదాన్ని మెల్లగా ఎలా వాయిస్తారు?

జూన్ 11, మంగళవారం

సందేహం అడగొచ్చుగా, అది తేల్చడం కాదుగా అన్నాను. పిన్ని కూర్చుంది.

చిన్న డ్రమ్ని మెల్లగా కొడితే మెల్లగా పలుకుతుందట. పెద్దదాన్ని మెల్లగా కొడితే అసలు పలకదు, కాస్త ఎక్కువైతే గదంతా పలుకుతుంది. ఆ రెంటి మధ్య సన్నటి సందు ఉంటుంది, అందులో గంటసేపు కూర్చోవాలి, అంది. తర్వాత పెడల్ నొక్కింది. కాలు కదలడం చూశాను. చెవులకి ఏమీ రాలేదు. నేను కూర్చున్న నేల మాత్రం ఊపిరి పీల్చుకుంది.

మళ్లీ నొక్కమన్నాను.

జూన్ 12

సందు దొరకలేదు.

జూన్ 13

పిక్క పట్టేసింది. నాలుగు నిమిషాలు సందులో ఉన్నాను!!

జూన్ 15, శనివారం, రాత్రి

రెండు ట్రిప్పులు. ఒక్కో ట్రిప్పుకీ నలభై రెండు మెట్లు, ఎన్నిసార్లో. డ్రమ్స్ పట్టడానికి ముందువరస కుర్చీలు తీసేయాల్సి వచ్చింది. ఓనరు ముఖం చూసి, గోడలు మాత్రం ఉంచుతామని టైలర్ హామీ ఇచ్చాడు. ఇంట్లో బిగించని ఫ్లోర్ టామ్ మాత్రం బాబాయి గొంతు ఎత్తులోనే పలుకుతోందని స్టేజీ మీద తెలిసింది. కొట్టకూడదనుకున్నాను. తిరిగి దింపే ఓపిక లేక పక్కన వదిలేశాను.

పిన్ని చివరి వరసలో కూర్చుంది. చేతులు కట్టుకుని, వేళ్లు చంకల్లో దాచుకుంది.

ఏం వాయించానో గుర్తులేదు. సందులో ఉన్నానని మాత్రం తెలుసు. ఒక్కసారి జారాను, మూడో పాటలో. ఒక పుస్తకం షెల్ఫ్ మీంచి పడింది. బాబాయి ఆగకుండా, ఆ పుస్తకం పాత పాట కావాలంటోంది, అన్నాడు. జనం నవ్వారు. ఆయన కళ్లు చిన్నవయ్యాయి.

ఆఖరి పాట చివరిలైనుకి డ్రమ్స్ లేవు. గిటార్ ఆగింది. నేను తెలియకుండానే ఫ్లోర్ టామ్ మీద అరచెయ్యి పెట్టాను. బాబాయి చిట్టచివరి మాటకి దిగాడు, ఎనిమిది నెలల క్రితం ఆయనకి లేని చోటికి.

నా అరచేతి కింద స్కిన్ కదిలింది.

ఎవరూ కొట్టలేదు. లోపల ఏదో పిట్ట ఉన్నట్టు సన్నగా, ఆయన ఆపేదాకా. చెయ్యి తీయలేకపోయాను. చప్పట్లు మొదలయ్యాక కూడా.

చివరి వరస చూశాను. పిన్ని వేళ్లు బయటికొచ్చి ఒళ్లో ఉన్నాయి, తెరుచుకుని.

జూన్ 16, ఆదివారం, ఉదయం

రాత్రి తెచ్చిన ఫ్లోర్ టామ్ ఇంకా మా ముందుగదిలోనే ఉంది. దాని ముందు గొంతుక్కూర్చుని నాకు తెలిసిన మంచి మాటలన్నీ ఒక్కొక్కటే చెప్పాను. డెబ్బై మూడు. దేనికీ ఉలకలేదు.

బాబాయి గుమ్మంలోకి వచ్చి, కాఫీ ఏమైనా మిగిలిందా, అన్నాడు.

పలికింది.